మోటారు తిరుగుతోంది, పాదుల్లో నీళ్లేవి?

మా తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో స్టార్టర్ డబ్బా పక్కన ఇంకో చిన్న పెట్టె కనిపిస్తే, అందులో సిమ్ కార్డు ఉందన్నమాట. కరెంటు రాగానే అది రైతుకు ఫోన్ చేస్తుంది. ఇంట్లో కూర్చుని ఒక అంకె నొక్కితే బోరు మోటారు తిరుగుతుంది. ఫేజు పోయినా, బోరులో నీళ్లు తగ్గి మోటారు ఉత్తినే తిరుగుతున్నా తనే ఆపేస్తుంది. అర్ధరాత్రి టార్చిలైటుతో, పాముల భయంతో గట్ల మీద నడిచినవాళ్లకు తెలుసు దీని విలువ. పుణెకు చెందిన సంతోష్ ఓస్త్వాల్ ‘నానో గణేశ్’ అనే ఇలాంటి పెట్టెను తయారుచేసింది ఆ నడక తప్పించడానికే.

ఫ్యాక్టరీల్లో స్కాడా అనేది ఈ పనినే పెద్ద ఎత్తున చేస్తుంది. సెన్సర్లు కొలుస్తాయి, నెట్‌వర్క్ ఆ అంకెల్ని మోసుకొస్తుంది, కంట్రోల్ రూములో మనిషి తెర చూసి వాల్వు తెరుస్తాడు, మూస్తాడు.

పోయిన వేసవిలో ఒక రాత్రంతా నా ఫోన్ మోటారు నడుస్తోందనే చెప్పింది. ఆంపియర్లూ సరిగ్గానే ఉన్నాయి. తెల్లారి వెళ్లి చూస్తే పైపు జాయింటు ఊడి నీళ్లన్నీ డొంకలోకి పోయాయి. చివరి వరస చెట్ల పాదులు పొడిగా ఉన్నాయి. పెట్టెను ఏమనగలను? తీగలో కరెంటు కొలవడం వరకే దానికి అప్పజెప్పాం. నీళ్లు పాదుకు చేరాయో లేదో దాన్ని అడగాలని నాకే తోచలేదు.

ఆ రోజు నుంచి 2020 మే 7 పదేపదే గుర్తొస్తోంది. విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకు నుంచి తెల్లవారుజామున స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి నిద్రపోతున్న ఊరి మీదికొచ్చింది. 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన నీరభ్ కుమార్ ప్రసాద్ కమిటీ చెప్పినవాటిలో ఒక్కటి నన్ను వదలదు: ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను కొలిచింది అడుగున మాత్రమే. పైపొరల్లో స్టైరీన్ పాలిమర్‌గా మారుతూ వేడెక్కుతోంది, వేడెక్కినకొద్దీ ఇంకా వేగంగా మారుతోంది. ఆ వేడి అడుగునున్న సెన్సర్‌కు అందలేదు. సైరన్ మోగించే మీటలు ఆ ఫ్యాక్టరీలో 36 చోట్ల ఉన్నాయి. ఒక్కటీ ఎవరూ నొక్కలేదు.

ఇప్పుడు నా పైపులైను చివర ఒక ప్రెషర్ మీటరు పెట్టించాను. దాన్ని చూడటానికి నడిచే వెళ్తున్నాను.

కంట్రోల్ రూముల్లో కూర్చునే మిత్రులారా, మీ తెర మీద కనిపించే అంకె ఏ ట్యాంకులో, ఎంత ఎత్తున కొలిచిందో ఈ వారం ఒక్కసారి అక్కడికి నడిచి వెళ్లి చూసి రండి.