చెమ్మ కనిపెట్టే చెయ్యి

అమెరికాలో క్యాంపర్ ట్రెయిలర్లు, అంటే బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇళ్లు, బాగుచేసే మెకానిక్ పనితనమంటే నాకెంతో గౌరవం. ట్రెయిలర్‌లోని ఇరుకు గదిలో నలుగురి ఊపిరే తెల్లారేసరికి అద్దాల మీద నీటిబొట్లవుతుంది. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ పెడితే మరీ ఘోరం. కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది! పొగ బయటికి పోయే ఫర్నేస్‌కు ఆ బెడద లేదు. మంచి మెకానిక్ పరుపు కిందికి చెయ్యి పోనిచ్చి, చెమ్మ తడిమి చూసి సంగతి చెప్పేస్తాడు.

ఏసీ అవసరానికి మించి పెద్దదైతే గది చప్పున చల్లబడి కంప్రెసర్ ఆగిపోతుంది, గాలిలో తేమ మాత్రం అలాగే మిగులుతుంది. అందుకే మంచి మెకానిక్ చిన్నదే చాలంటాడు, పెద్ద బేరం వదులుకొని మరీ. ఆ నిజాయతీ కూడా పనితనమే.

చలికాలమైనా సరే, చెమ్మ బయటికి పోయేలా ట్రెయిలర్ పైకప్పు వెంట్ కాస్త తెరిచే పడుకోండి.