‘తాత్కాలిక నష్టం’ – ఒక పారిభాషిక పదంపై విమర్శ

క్రిప్టో వర్తకంలో ‘ఇంపర్మనెంట్ లాస్’ అనే మాట వాడుకలో ఉన్నది. దానిని ‘తాత్కాలిక నష్టం’ అని తెలుగు చేయవచ్చు. అయితే ఆ నష్టం నిజంగా తాత్కాలికమేనా అన్నది విచారించదగిన ప్రశ్న.

2018 నవంబరులో ఇథీరియంపై ప్రారంభమైన యూనిస్వాప్‌నే తీసుకుందాం. అందులో ధర చెప్పే దళారి లేడు. రెండు రకాల నాణేలున్న ఉమ్మడి నిధి ఒకటుంటుంది. రుసుమును మినహాయిస్తే, ఆ రెండు రాశులను హెచ్చించగా వచ్చే లబ్ధం ప్రతి మారకంలోనూ మారరాదన్నది మూల నియమం. ధర ఆ నియమం నుండే ఏర్పడుతుంది. నిధికి నాణేలు సమకూర్చినవారు రుసుమును వాటాల ప్రకారం పంచుకుంటారు. మొదటి రెండు రూపాలలో అది నూటికి 0.3.

ఈథర్ ధర 100 డాలర్లున్నప్పుడు ఒకడు 1 ఈథర్‌ను, డాలరు విలువకు ముడిపెట్టిన 100 నాణేలను నిధిలో ఉంచాడనుకుందాం. బయట ధర 400కు పెరిగింది. నిధిలో చౌకగా దొరికినంతవరకు ఇతరులు ఈథర్‌ను కొనుక్కుపోతారు. చివరికి అతని వాటాకు అర ఈథర్, 200 డాలర్ నాణేలు మిగులుతాయి, విలువ 400. తన వద్దనే ఉంచుకొని ఉంటే 500 అయ్యేది. ధర తిరిగి 100కు దిగితేనే ఈ తేడా తొలగిపోతుంది. దిగుతుందని హామీ ఇచ్చేవారెవరు?

ఈ రుసుమును వడ్డీ అనడం తొందరపాటే అవుతుంది. వడ్డీలో అసలుకు హామీ, పైన నిర్ణీతమైన రాబడి ఉంటాయి. ఇక్కడ రెండూ లేవు. మారకం ఒకే లావాదేవీలో పూర్తవుతుంది, లేదా పూర్తిగా రద్దవుతుంది. కనుక చేతికి చేయి జరగాలన్న సర్ఫ్ నియమంలోనూ పెద్ద చిక్కు కనిపించదు. లాభం కోరేవాడు నష్టభారం వహించాలన్న ఫిఖ్హ్ సూత్రాన్ని బట్టి కొందరికి ఇది ముషారకాగా తోచవచ్చు.

కాని గరర్ మాటేమిటి? ఇటువంటి నిధిని ఎవరైనా, తాము సృష్టించిన నాణెంతోనైనా తెరవవచ్చు. ఆ నాణెం ధర కూలినప్పుడు వాటాదారుకు చివరకు మిగిలేది ఆ విలువలేని నాణేల రాశే. 2021 నవంబరులో ఇండోనేషియా ఉలమా మండలి క్రిప్టోను కరెన్సీగా వాడరాదని ప్రకటించింది. ఆధారము, స్పష్టమైన ప్రయోజనము ఉన్నదానిని మాత్రం సరుకుగా అమ్మవచ్చునన్నది. ఆ విచారణ ఇక్కడా తప్పదు. నిధిలో ఉన్నదేమిటో పరిశీలించకుండా ముషారకాతో పోల్చడం చెల్లదు.

రాబడిని వడ్డీ నుండి వేరుచేస్తున్నది నష్టభారమే. ఆ నష్టాన్నే ‘తాత్కాలికం’ అని తేలికచేసి, రాబడిని కూర్చుని తినే ఆదాయంగా ప్రచారం చేస్తే, సమర్థనకు ఆధారమైనదాన్నే మరుగుపరచినట్లవుతుంది. తెలుగులో దీనిని ‘ధర మారినందువల్ల వాటిల్లే నష్టం’ అనడమే న్యాయం.