ఆరో పలక వెడల్పు
సముద్రంలో డైనోఫ్లాజెల్లేట్లు, అంటే రెండు కశాభాలతో ఈదే ఏకకణజీవులు ఉంటాయి. వాటిలో దగ్గరి జాతులను వేరుచేసే నేర్పు ఎంతో మెచ్చదగినది. అలెగ్జాండ్రియం మినూటమ్, అలెగ్జాండ్రియం టముటమ్ పైకి ఒకేలా కనిపిస్తాయి కనుక, పరిశోధకులు వాటి సెల్యులోజు కవచానికి కాల్కోఫ్లోర్ అనే రంగు పట్టించి, అతినీలలోహిత కాంతిలో నీలంగా వెలిగే పలకల అంచులను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, కణాన్ని మెల్లగా దొర్లిస్తూ, నడుమునున్న గాడికి పైవరుసలోని ఆరో పలక ఇరుకుగా ఉంటే మినూటమ్ అనీ, వెడల్పుగా ఉంటే టముటమ్ అనీ తేలుస్తారు. మొదటిది ఆల్చిప్పల్లో చేరి, వాటిని తిన్నవారికి పక్షవాతం తెచ్చే సాక్సిటాక్సిన్ విషాన్ని తయారుచేయగలదు, రెండోది విషరహితం కనుక, ఆ ఒక్క పలకను సరిగా చదివిన కన్ను తినేవారి ప్రాణాలనూ, ఆల్చిప్పలు ఏరి బతికేవారి జీవనోపాధినీ కాపాడుతుంది.