ఖరీఫ్‌కూ హార్వెస్ట్‌కూ చుట్టరికం లేదు

బోధన్ వైపు వరి పండిందంటే రైతు నోట ఒక్క పూటలోనే మూడు నాలుగు భాషలు పలుకుతాయి. పంట ఖరీఫ్‌ది. నిజాం కాలం నుంచి వచ్చిన పహణీలో సంవత్సరం ఫసలీది. మడిలోకి దిగే మిషన్ హార్వెస్టర్. జరిగే పని మాత్రం కోత. వానకాలం, యాసంగి అనే సొంత మాటలుండగానే ఇవన్నీ వచ్చి కూర్చున్నాయి.

వీటిలో ఏ మాట ఏ ఇంటిదో, దేనికేది చుట్టమో తేల్చే విద్య తులనాత్మక భాషాశాస్త్రం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అన్నమాట అందరూ చెబుతారు. మనకు దగ్గరి సంగతి 1816లో మద్రాసులో జరిగింది. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణపు ముందుమాటకు చేర్చిన గమనికలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పేర్చి, తెలుగు సంస్కృతానికి పుట్టిన బిడ్డ కాదని చూపించాడు. ద్రావిడ భాషల మీద కాల్డ్‌వెల్ పుస్తకం రావడానికి అప్పటికింకా నలభై ఏళ్లుంది. అయినా పేరంతా కాల్డ్‌వెల్‌కే పోయింది.

ఈ విద్యలో పోలికకు విలువ తక్కువ, క్రమానికి ఎక్కువ. ఖరీఫ్‌నే చూడండి. అరబ్బీలో అది శరదృతువు పేరు. దాని ధాతువుకు పండ్లు కోయడమని అర్థం. ఇంగ్లీషు హార్వెస్ట్ కూడా మొదట్లో శరదృతువు పేరే. జర్మన్‌లో హెర్బ్‌స్ట్ అంటే ఇప్పటికీ అదే. ధ్వనీ దగ్గరిదే, అర్థమూ దగ్గరిదే. రెండూ ఒకటేనని ఎవరైనా పందెం కాస్తారు, ఓడిపోతారు.

ఎందుకంటే, ఇంగ్లీషు, జర్మన్‌ల సొంత మాటల్లో మొదట వచ్చే హ-కారం చాలాచోట్ల మూలభాషలోని క-కారానికి మారు రూపం. లాటిన్ కోర్ను ఇంగ్లీషులో హార్న్. లాటిన్ కెంటుమ్‌కు ఇంగ్లీషు జోడీ హండ్రెడ్. ఆ లెక్కన హార్వెస్ట్ చుట్టాలు క-తో మొదలవ్వాలి. అవుతున్నాయి కూడా: లాటిన్‌లో కార్పెరె, తుంచడం, గ్రీకులో కార్పోస్, పండు, లిథుయేనియన్‌లో కిర్ప్తి, కత్తిరించడం. మన పద్యాల్లో వీరుల చేతిలో మెరిసే కృపాణం కూడా ఈ ఇంటిదే. వీటన్నిటి నుంచి పండితులు *కెర్ప్ అనే ధాతువును లాగారు. ముందున్న ఆ చుక్కకు, ఇది ఎక్కడా రాతలో దొరకలేదు, లెక్క కట్టి రాబట్టిందని అర్థం. ఖరీఫ్ ఈ వరసలో ఇమడదు, అది సెమిటిక్ కుటుంబపు మాట.

ఇక మన కోత. కోయు అన్న క్రియకు తమిళ, కన్నడాల్లో కొయ్ ఉంది. మలయాళంలో కొయ్త్తు అంటే పంటకోత. నిజామాబాద్ నుంచి గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళ్తే కోలామీలో కొయ్, గోండీలో కొయ్. అసలు రుజువు ఇంకా దూరాన, జార్ఖండ్‌లోని కురుఖ్ భాషలో ఉంది. అక్కడ ఇది ఖొయ్. ఆ ఖ మన ఒత్తక్షరం కాదు, ఉర్దూవాళ్లు ఖబర్ అనేటప్పుడు గొంతులో గీరుకునే ధ్వని. రాజమహల్ కొండల మాల్తోలో అది గొంతు ఇంకా లోపలి నుంచి వచ్చే క, ఉర్దూ కలంలోది. ఇదేదో ఈ ఒక్క మాటకు తగిలిన యాస కాదు. మన కన్ను కురుఖ్‌లో ఖన్, మాల్తోలో కను, అవే ధ్వనులతో. ఇలా మాట వెంట మాట అదే తీరున నడిచినప్పుడే *కొయ్ అని చుక్క పెట్టి రాసే హక్కు వస్తుంది.

ధ్వని తేలినంత సులువుగా అర్థం తేలదు. తెలుగులో వరీ కోస్తాం, పూలూ కోస్తాం, కూరగాయలూ కోస్తాం. పని లేనివాళ్లు కోతలూ కోస్తారు. తమిళంలోనూ కొయ్ అంటే పూలు తుంచడమూ, పైరు కోయడమూ. కాబట్టి మూల ద్రావిడులు కొడవలితో కోశారో, చేత్తో తుంచారో ఈ ఒక్క ధాతువు చెప్పలేదు. పైగా ఇందూరు (నిజామాబాద్) గడ్డ మీద అన్ని పంటలకూ ఒకే క్రియ చెల్లదు. వరి కోస్తారు, చెరుకు నరుకుతారు, పసుపు తవ్వుతారు. ఇంగ్లీషువాడి హార్వెస్ట్‌కు మూల ద్రావిడంలో సరిజోడు ఏదని అడిగితే, ఏ పంటకు అని ఎదురు అడగాల్సిందే.

అరువు మాటల్ని ఏరి పక్కన పెట్టడం ఇంకో తలనొప్పి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న చోటు శక్కర్‌నగర్. సంస్కృత శర్కర ప్రాకృతంలో సక్కర అయి, తెలుగులో చక్కెరగా దిగింది. అదే మాట పారసీకంలో శకర్ అయి, ఉర్దూ వెంట శక్కర్‌గా తిరిగొచ్చి ఊరి పేరులో కూర్చుంది. అరబ్బీ సుక్కర్ మీదుగా ఇంగ్లీషులో షుగర్ అయిందీ ఇదే. అరువు మాటలు తరచు మరీ బాగా పోలి ఉంటాయి. రక్తసంబంధం ఉన్నవే ఒక్కోసారి గుర్తుపట్టలేనంత మారిపోతాయి, కృపాణమూ హార్వెస్టూ లాగా.

ఈ లెక్కలకు సరుకు నిఘంటువుల్లో కంటే పొలాల్లోనే ఎక్కువ. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి అది బాగా ఎరిగినవాడు. 1961లో తెలుగు ధాతువుల మీద ఇంగ్లీషులో పెద్ద గ్రంథం అచ్చువేసిన మనిషే, మరుసటి ఏడు మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటి తెచ్చాడు. అది మొత్తం వ్యవసాయం మాటలే, ఏ ప్రాంతంలో ఏమంటారన్న గుర్తులతో. నా మటుకు ఆ రెండో పుస్తకమే ఎక్కువ ధైర్యం గల పని. మూలభాషను లెక్క కట్టగలిగిన పండితుడు నాగలి భాగాల పేర్లు రైతును అడిగి రాసుకోవడం అప్పట్లో మామూలు సంగతి కాదు.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలై 2015లో మూతపడింది. చెరుకు నరికి, ఆకు దూసి, కొస తీసి, మోపు కట్టి బండ్ల మీద తోలిన తరం ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉంది. ఆ ఒక్కో పనికీ వాళ్ల దగ్గర ఒక్కో మాట ఉంటుంది. డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయం నుంచి బోధన్ గంట ప్రయాణం. అక్కడ తెలుగు పరిశోధన చేసే పిల్లలకు ఇంతకంటే దగ్గరి అంశం నాకు కనిపించడం లేదు.