మసక ఎక్కడిదో తెలిసిన చేయి

మెదక్ చర్చిలో రంగుటద్దాల కిటికీల ముందు నిలబడ్డవాళ్ళ చూపు ముందుగా రంగుల మీదికే పోతుంది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన ఆ బొమ్మలు బయట ఎండ మారినకొద్దీ తామూ మారుతుంటాయి. ఇంకాసేపు చూస్తే రంగుల మధ్య నల్లని గీతలు కనబడతాయి. అవి కుంచెతో గీసినవి కావు, సీసపు పట్టీలు. ముక్కకూ ముక్కకూ నడుమ ఉండి బొమ్మనంతా పట్టి నిలిపేవి అవే.

యూరప్‌లో వందల ఏళ్ళ నాటి చర్చిల్లోనూ, ఇంగ్లండ్‌లో పాతకాలపు ఇళ్ళలోనూ ఇలాంటి కిటికీలు లెక్కలేనన్ని ఉన్నాయి. వానకు తడిసి, బొగ్గు పొగ పట్టి, అవి మసకబారుతాయి. వాటికి మళ్ళీ కళ తెచ్చేవాళ్ళ పని దూరం నుంచి చూస్తే తుడుపు పనిలాగే ఉంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే సంగతి వేరు. మసక అని మనం ఒక్కమాటలో అనేది నిజానికి నాలుగైదు రకాల మసక. కొన్నిటిని తీసెయ్యాలి, కొన్నిటిని ముట్టుకోకూడదు, ఒకదాన్నయితే కిటికీ చేసిన కళాకారుడే కావాలని పెట్టాడు. ఏది ఏదో పోల్చుకోవడంలోనే ఈ పనితనమంతా ఉంది.

ముందు కిటికీ కట్టుబడి చూద్దాం. సీసపు పట్టీని అడ్డంగా కోస్తే హెచ్ అక్షరం ఆకారం కనిపిస్తుంది: మధ్యలో సన్నని నడుము, దానికి పైనా కిందా రెండు రేకులు. నడుముకు చెరోపక్క ఏర్పడ్డ గాడిలో గాజు ముక్క అంచు కూర్చుంటుంది. పట్టీలు కలిసిన ప్రతిచోటా టంకం వేసి అతుకుతారు. రేకుకూ గాజుకూ మధ్య మిగిలిన సందులో లప్పం కూరుతారు. ఇలా తయారైన పలకను రాతి చట్రంలో నిలబెట్టి, వెనక అడ్డంగా ఇనప కడ్డీలు బిగించి, పలకకు అతికిన రాగి తీగలను ఆ కడ్డీలకు మెలిపెడతారు.

ఈ అమరికకు ఆధారం సీసపు మెత్తదనం. గాజు ముక్క ఎన్ని వంపులు తిరిగినా పట్టీ ఆ అంచు వెంటే వంగుతుంది. అయితే అంత మెత్తని లోహం తన బరువే తాను మోసుకోలేదు. లోపల లప్పం గట్టిపడి, వెనక కడ్డీ ఆనితేనే పలక గాలికి తట్టుకుని నిటారుగా నిలబడుతుంది. కంటికి కనిపించే అందం ఎంతో, కనిపించని ఈ లప్పం పనీ అంతే.

ఇక మసక సంగతి. మొదటిది పైపైన పట్టేది: బయటివైపు దుమ్ము, పొగ, లోపలివైపు కొవ్వొత్తుల మసి. రెండోది సీసానిది. కొత్తగా కోసిన సీసం తళతళలాడుతుంది, గాలి తగలగానే బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ పొర లోపలి లోహాన్ని కాపాడేదే కాబట్టి దాంతో పేచీ లేదు. తేమకు తోడు, కొన్ని చెక్కల నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి తగిలితే మాత్రం తెల్లని పొడి పుడుతుంది. అది సీసం తినేసుకుపోతోందనడానికి గుర్తు. మూడోది లప్పానిది. నూనె ఇంకిపోయి అది పొడిపొడిగా రాలితే సందుల్లోకి నీళ్ళు దిగుతాయి, పలక బొజ్జలా ఉబ్బుతుంది. అప్పుడు గాజు ముక్కలు తలోవైపు తిరిగి, వెలుగు చెదిరిపోతుంది.

నాలుగోది గాజులోనే ఉంటుంది. మధ్యయుగాల్లో ఉత్తర యూరప్ పనివాళ్ళు ఇసుకకు కట్టె బూడిద కలిపి గాజు కరిగించేవారు. బూడిదలోని పొటాషియం వల్ల ఇసుక తొందరగా కరుగుతుంది, కానీ ఆ గాజుకు తేమంటే పడదు. తేమ తగిలినకొద్దీ పొటాషియం బయటికి కారిపోయి, గాజు పైముఖం మీద సూదిమొన గుంటలు పడతాయి, వాటి మీద తెల్లని పెచ్చు కడుతుంది. ఇది అంటుకున్న మురికి కాదు, గాజే మారిపోయిన స్థితి.

అయిదోది అన్నిటికంటే ముఖ్యమైనది. గాజుపొడిలో ఇనుము లేదా రాగి భస్మం కలిపి చేసిన ముదురు రంగుతో కళాకారుడు ముఖాలూ మడతలూ గీస్తాడు. అదే రంగును పల్చగా పూసి, ఆరాక పొడి కుంచెతో అక్కడక్కడా తుడిచి నీడలు పుట్టిస్తాడు. ఆ తరవాత కొలిమిలో కాలిస్తే అది గాజుకు అతుక్కుపోతుంది. ఎండ నేరుగా దూసుకొచ్చి కళ్ళు చెదరకుండా వెలుగును అదుపులో పెట్టేది ఈ పల్చని పూతే. తెలియని చేతికి ఇదీ మురికిలాగే కనిపిస్తుంది. సబ్బు నీళ్ళు పోసి గట్టిగా రుద్దితే గాజు మెరుస్తుంది, బొమ్మ పోతుంది.

అందుకే అసలు పనివాళ్ళు తుడవడానికి ముందు చూస్తారు. దీపాన్ని పలకకు ఏటవాలుగా పెడితే రంగు గీత గాజు మీద కాస్త ఉబ్బెత్తుగా తేలుతుంది, మురికి ఏ ఆకారమూ లేకుండా పరుచుకుని ఉంటుంది. పూత గట్టిగా ఉందో, రాలడానికి సిద్ధంగా ఉందో భూతద్దం కింద పరీక్షిస్తారు. ఆ తరవాతే దూది చుట్టిన పుల్ల చేతిలోకి వస్తుంది. లవణాలు తీసేసిన నీటితో దూదిని తడిపి, పిండి, గాజు మీద దొర్లిస్తారు. రుద్దరు. రుద్దితే దూదిలో చిక్కిన ఇసుకరేణువు గాజును గీస్తుంది, దొర్లిస్తే మురికిని ఎత్తుకుని ముందుకు పోతుంది. ఒక చుట్టు తిరగగానే ఆ దూది పారేసి కొత్తది చుడతారు. దూదికి నల్లని మసి బదులు గోధుమరంగు పొడి అంటుకుంటే చేయి అక్కడే ఆగిపోతుంది, ఎందుకంటే అది రంగు కావచ్చు. ఆమ్లాలు, అమ్మోనియా కలిసిన ద్రావకాలు, ఉక్కు పీచు ఈ పనిబల్ల దరిదాపులకు రాకూడదు. సీసపు ధూళి విషం కాబట్టి పట్టీలను పొడిగా గీకరు. చేతికి తొడుగులు వేసుకుని, తడి గుడ్డతోనే ఆ తెల్లపొడిని తుడుస్తారు.

పట్టీలే చివికిపోతే పలకను విప్పక తప్పదు. మొదట దాని మీద కాగితం పరిచి మైనపు కణికతో రుద్ది, ప్రతి పట్టీ జాడనూ అచ్చు తీస్తారు. విప్పిన ప్రతి ముక్కనూ ఆ అచ్చు మీద దాని స్థానంలోనే పెడతారు. విప్పేటప్పుడు బలమంతా సీసం మీదే పెట్టి పట్టీని కోస్తారు, గాజును కదిలించరు.

కొత్త పట్టీని ముందు సాగదీస్తారు. ఒక కొస బిగించి రెండో కొస పట్టుకుని లాగితే వంకరలు పోయి కాస్త బిరుసెక్కుతుంది. మొండి చెక్కపుల్లను గాడిలో నడిపి రేకులు తెరుస్తారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి గాజు, పట్టీ, మళ్ళీ గాజు అంటూ పేరుస్తూ, కదలకుండా గుర్రపు నాడాల మేకులు దిగ్గొడతారు. ఆ మేకులకు బల్లపరుపు పక్కలుంటాయి కనుక గాజు అంచు పెచ్చులూడదు.

టంకం దగ్గర నేర్పు అంకెల్లోనే కనిపిస్తుంది. అరవై పాళ్ళు తగరం, నలభై పాళ్ళు సీసం కలిసిన టంకం సుమారు 190 డిగ్రీల సెల్సియస్‌కు కరుగుతుంది. పట్టీ సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడంలోనే పని ముగించాలి. అతుకు మీద కొవ్వు కడ్డీ రుద్ది, టంకం తీగ ఆనించి, దాని మీద వేడి ఇనుమును క్షణం మోపి ఎత్తేస్తారు. టంకం గుండ్రంగా, నున్నగా పరుచుకుంటుంది. ఇంకో క్షణం ఉంచితే పట్టీయే కరిగి అక్కడ రంధ్రం పడుతుంది. ఒక్కో పలకలో ఇలాంటి అతుకులు పదుల కొద్దీ, అదీ రెండు ముఖాల మీదా.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది చివరి మెట్టు. సుద్దపొడి, అవిసె నూనె, టర్పెంటైన్, కాస్త దీపపు మసి కలిపిన పల్చని లప్పాన్ని బ్రష్షుతో రేకుల కిందికి తోస్తారు. పైన సుద్దపొడి చల్లి మళ్ళీ బ్రష్షు ఆడిస్తే అది మిగిలిన నూనెను పీల్చుకుంటుంది. మొన తేలిన పుల్లతో ప్రతి పట్టీ అంచు వెంట గీసి అదనపు లప్పం తీసేస్తారు. బ్రష్షు తిరుగుతున్నకొద్దీ గాజు మీది జిడ్డు పోయి మెరుపు వస్తుంది, టంకం తెలుపు మాయమై సీసం గాఢమైన నలుపుకు తిరుగుతుంది. పలకకు బలం, వానకు అడ్డు, గాజుకు నిగ్గు, సీసానికి నలుపు, నాలుగూ ఒకే పనిలో సమకూరుతాయి. కళ కోసం విడిగా చేయాల్సింది దాదాపు ఏమీ మిగలదు.

ఈ విద్య ఎంత దూరం పోగలదో ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ చర్చి తూర్పు కిటికీ చూపిస్తుంది. కోవెంట్రీవాడైన జాన్ థార్న్‌టన్ 1405లో ఒప్పందం రాసుకుని 1408లో దాన్ని ముగించాడు. సృష్టి మొదలు లోకాంతం దాకా బైబిలు కథ 311 పలకల్లో నడుస్తుంది. 2008లో ఆ పలకలను దించారు. యార్క్ గ్లేజియర్స్ ట్రస్ట్ నిపుణులు ఒక్కొక్కటే విప్పి బాగుచేశారు, 2018కి కిటికీ మళ్ళీ పూర్తయింది.

అక్కడ మసక కంటే పెద్ద అడ్డు పాత మరమ్మతులు. గాజు పగిలినప్పుడల్లా వెనకటివాళ్ళు ఆ పగులు మీద కొత్త సీసపు పట్టీ వేశారు. ఆరు వందల ఏళ్ళలో అవి పెరిగి పెరిగి బొమ్మలు పోల్చుకోవడమే కష్టమైంది. నిపుణులు అలాంటి పట్టీలు తీసి, పగిలిన అంచులను పారదర్శకమైన జిగురుతో కలిపారు. గాజు మీద పడ్డ గుంటలను మాత్రం అరగదీయలేదు. బయటివైపు అతినీలలోహిత కిరణాలను ఆపే కొత్త గాజు తొడిగి, అసలు కిటికీని దానికి కాస్త లోపలగా నిలిపారు. మధ్య ఖాళీలో చర్చి లోపలి గాలి ఆడుతుంది. వాన కొత్త గాజు మీదే పడుతుంది, చలికి పట్టే చెమ్మా దాని మీదే పడుతుంది. థార్న్‌టన్ గాజు పొడిగా ఉంటుంది. తుడవడంతో ఆగకుండా, మసకకు మూలమైన తేమనే దూరం పెట్టారన్నమాట.

మంచి మరమ్మతును ఎంత మెరిసిందన్న దాన్నిబట్టి కొలవలేం. ఏది తీశారో, ఏది ఉంచారో, ఎందుకో రాసి పెట్టడం, రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే ఇవాళ్టి పనిని విప్పుకునే వీలుంచడం కూడా ఆ కొలతలోకి వస్తాయి. ఇంట్లోనో, ఊరి చర్చిలోనో ఇలాంటి కిటికీ ఉన్నవాళ్ళు బకెట్టు అందుకునే ముందు లోపలివైపు నుంచి ఏటవాలు వెలుగులో ఒకసారి చూడండి. గీతలూ నీడలూ తేలి కనిపిస్తే తెలిసినవాళ్ళను పిలవండి. అంతవరకూ ఆ మసకను అలా ఉండనివ్వడమే దానికి మీరు చేయగల మేలు.