ధ్యానము చేయగలదేమి? చేయలేనిదేమి?

జూన్ 21వ తేదీన యోగదినము జరుపుట 2015 నుండి మన పాఠశాలలలో పరిపాటియైనది. ఇందల్వాయి వంటి గ్రామములలోను పిల్లలు ఆనాడు వరుసలు తీరి ఆసనములు వేయుదురు. చివర “మంచినే తలచిన మంచియే జరుగును” అన్న మాట ఒకటి తరచుగా వినవచ్చును. ఆ మాటను గీటురాయిపై పెట్టి చూడవలసియున్నది.

స్వామి శివానందుల శిష్యుడగు విష్ణుదేవానందుడు యోగజీవనమునకు ఐదు సూత్రములు చెప్పెను: వ్యాయామము, శ్వాస, విశ్రాంతి, ఆహారము, సద్భావనతో కూడిన ధ్యానము. పతంజలి చెప్పినవి ఎనిమిది అంగములు. ఆయన “ప్రతిపక్ష భావన” హింస మొదలగు తలపులు కలిగినపుడు మనస్సును ఎదురుదిక్కునకు త్రిప్పుట. అది తన నడతను అదుపులో ఉంచుకొనుటకే కాని, కోరినది జరిపించుకొనుటకు కాదు. తలపు బలముతో విజయము వచ్చునన్న నమ్మకమును ఇంటింటికి చేర్చినది 1952లో అమెరికాలో వెలువడిన నార్మన్ విన్సెంట్ పీల్ గ్రంథము. ఈ రెంటిని ఒకే గాట కట్టుట పొరపాటు.

పరీక్ష చేసిన వారేమి కనుగొనిరి? గుండెను ఆపగలమన్న కొందరు యోగులను వెంగర్, బాగ్చీ, ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్ పరిశీలించి 1961లో ఫలితములు ప్రకటించిరి. మణికట్టు వద్ద నాడి అందలేదు. స్టెతస్కోపులో చప్పుడు వినరాలేదు. కాని ఈ.సి.జి.లో గుండె కొట్టుకొనుచునే యున్నది! ఊపిరి బిగబట్టి కండరములు బిగించుటచే రొమ్ములోని పీడనము పెరిగి, గుండెకు చేరు రక్తము తగ్గినది. అందుచే నాడి అందలేదు. కండరముల చప్పుడులో గుండె చప్పుడు మునిగిపోయినది. యోగులు మోసగించిరని కాదు, మన వ్రేళ్ళు, చెవులు చాలలేదని దీని అర్థము.

2014లో ధ్యానముపై జరిగిన 47 పరీక్షలను, 3,515 మంది ఫలితములను కలిపి సమీక్షించిరి. ఆందోళన, దిగులు, నొప్పి కొంత తగ్గునన్నదానికి ఒక మోస్తరు ఆధారము దొరికినది. సద్భావము పెరుగుననుటకు చాలినంత ఆధారము లేదు. మందులకంటె, వ్యాయామముకంటె ధ్యానము మెరుగనియు తేలలేదు. కాబట్టి మధుమేహమునకు ఇన్సులిన్ వాడువారు ధ్యానమును నమ్మి దానిని మానరాదు.

గాబ్రియేల్ ఓటింగెన్, వాడన్ 1991లో ప్రకటించిన పరిశోధన మరియు చిత్రమైనది. బరువు తగ్గించుకొన గోరిన స్త్రీలలో “సాధించగలను” అని ఆశించినవారు ఎక్కువ తగ్గిరి. సన్నబడినట్లు తీయని ఊహలలో తేలినవారు ఇతరులకంటె సుమారు 11 కిలోలు తక్కువగా తగ్గిరి. ఆశ వేరు, పగటికల వేరు.

మన జిల్లాకు వత్తము. నిజామాబాదు పల్లెలలో బీడీలు చుట్టు తల్లులెందరో కలరు. పొగాకు దుమ్ము నిండిన గదిలోనే కూర్చుండి ప్రాణాయామము చేసినచో ఆ దుమ్మే లోనికి పోవును. ముందు కిటికీ తెరవవలెను, పిదప ఊపిరి సంగతి. 1937లో స్థాపితమైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినపుడు పని పోయిన కార్మికునితో “మంచినే తలపుము” అనువాడు ఓదార్చుట లేదు. తప్పును అతని తలపుపై మోపుచున్నాడు. పరీక్ష తప్పిన విద్యార్థితో అట్లనుట అంతకంటె క్రూరము.

బ్రిటన్‌లో 85 పాఠశాలలలో, ఎనిమిది వేలకు మించిన పిల్లలపై జరిగిన ధ్యానశిక్షణ పరీక్ష ఫలితములు 2022లో వెలువడినవి. మామూలు బోధనకంటె అదనపు మేలు కనబడలేదు.

ఉపాధ్యాయులు తమ తరగతిలోనే చిన్న పరీక్ష చేయవచ్చును. ఆటల పీరియడు పిదప సగము మందిని కన్నులు మూసి శ్వాసను గమనింపుమనుడు. తక్కిన సగమును కూర్చుండి కథ చదువుకొనుమనుడు. ముందును, ఐదు నిమిషముల పిదపను అందరు నాడి లెక్కింపవలెను. మరునాడు జట్లు మార్చవలెను. నాడి ఇరువురికిని తగ్గును. ధ్యానము వాటా ఎంత, ఊరక కూర్చుండుట వాటా ఎంత అన్నది పిల్లలే బల్లపై గీత గీసి చూపుదురు.