కుండ దాకా రాని కుందేలు

తెలుగు కావ్యాల్లో వేటకు కరువు లేదు. మనుచరిత్రలో స్వరోచి వేటకు బయలుదేరినా, మరో ప్రబంధంలో మరో రాజు బయలుదేరినా, వలలూ కుక్కలూ ఈటెలూ పద్యాల నిండా కనిపిస్తాయి. జంతువు కింద పడగానే పద్యం ఇంకో వర్ణన మీదికి పోతుంది. తోలు ఎవరు ఒలిచారు, పొయ్యి ఎవరు రాజేశారు, పులుపుకు ఏం వేశారు అన్నది కవికి పట్టలేదు. రాజుకు వేట వినోదం. ఆకలికి వేటాడినవాడికి అసలు పని అక్కడినుంచే మొదలవుతుంది. అమరచింత, ఆత్మకూరు చేన్లలో కుందేలును, కౌజును, పూరేడును ఎరిగినవాళ్లకూ, అమ్రాబాద్ అడవిలో బతికిన చెంచులకూ ఆ తర్వాతి సంగతే ముఖ్యం. తెలుగు రాతలో ఆ సంగతిని ఎవరు ఎలా రాశారో చూడడమే ఇక్కడ మా ప్రయత్నం.

ఒక్కడు మాత్రం పొయ్యి దగ్గర దొరుకుతాడు. అతడు తిన్నడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఉడుమూరి కన్నప్పగా చెప్పిన వేటగాడు ఇతడే. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో ఇతని కథ ఇంకా విస్తారంగా ఉంది. తిన్నడు మాంసాన్ని నిప్పుల మీద కాల్చి, ముక్కముక్కా రుచి చూసి, బాగున్నవి ఏరి దేవుడికి పెడతాడు. బడిలో ఈ కథ చెప్పేటప్పుడు 'పాపం తెలియక ఎంగిలి పెట్టాడు, భక్తిని చూసి దేవుడు క్షమించాడు' అంటారు. మేము దీన్ని ఒప్పుకోం. అడవి మాంసం వండిన ఎవరినైనా అడగండి. ఒకే జంతువులో తొడ ముక్క ఉడికేసరికి వీపు ముక్క ఎండిపోతుంది. ఒక ముక్క మెత్తబడిందని పక్క ముక్క కూడా మెత్తబడినట్టు కాదు. కొరికి చూడటం తప్ప వేరే కొలత లేదు. తిన్నడు చేసింది వంటవాడు చేయాల్సిన పని. 1976లో బాపు తీసిన భక్త కన్నప్ప చూసి కళ్లు తుడుచుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తట్టిందో!

ఇక సిగ్గు సంగతి. ఎలుక తింటారు, ఉడుము తింటారు అని మన పిల్లల్ని తరగతిలో ఎగతాళి చేయడం మేము చూశాం, పడ్డాం కూడా. ఆ పిల్లలకు ఒక పుస్తకం గురించి చెప్పాలి. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు సంస్కృతంలో మానసోల్లాసం రాయించాడు. రాజు ఎలా తినాలి, ఏం తినాలి అన్నదానికి అందులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. ఏటి ఒడ్డు పొలాల్లో పెరిగిన నల్లని బలమైన ఎలుకలను వండే తీరు అక్కడ రాసి ఉంది: తోక పట్టుకుని కాగే నూనెలో ముంచి బొచ్చు పోగొట్టి, వేడినీళ్లతో కడిగి, పొట్ట చీల్చి, ఉసిరితో ఉప్పుతో ఉడికించడం. లేకపోతే ఇనుప చువ్వకు గుచ్చి నిప్పుల మీద కాల్చి, పైన ఉప్పూ జీలకర్రా చల్లడం. రాజు పళ్లెంలో ఉంటే శాస్త్రం అయింది, యానాది పళ్లెంలోనో ఎరుకల పళ్లెంలోనో ఉంటే అనాగరికం అయింది. వరి కోసిన మళ్లలో బొక్కలు తవ్వి, పొగ పెట్టి, ఎలుకను పట్టి గడ్డిమంటలో కాల్చినవాడికి ఆ సంస్కృత గ్రంథం కొత్తగా నేర్పేది పెద్దగా లేదు. ఉసిరి ఒక్కటి కొత్తేమో.

పుస్తకాలు చేసిన ఇంకో పొరపాటు చూద్దాం. అక్షరమాల చార్టులో 'కు' పక్కన తెల్లని కుందేలు ఉంటుంది, చేతిలో క్యారెట్ ఉంటుంది. అమరచింత చెలకల్లో తిరిగేది ఆ జంతువు కాదు. మన అడవి కుందేలుది మట్టిరంగు, మెడ వెనక నల్లమచ్చ. అది బొరియ తవ్వదు, గడ్డిలో గుంటలా చేసుకుని పడుకుంటుంది. పిల్లలు పుట్టుకతోనే బొచ్చుతో, కళ్లు తెరుచుకుని ఉంటాయి. చార్టులోది ఐరోపానుంచి వచ్చిన పెంపుడు జాతి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. రెండిటినీ తెలుగులో కుందేలు అనే అంటాం. మన ఊళ్లలో చెవులపిల్లి అన్న మాట ఉంది, దాన్ని బడి లోపలికి రానివ్వలేదు.

ఈ తేడా కుండలోకి వచ్చేసరికి ఇంకా పెద్దదవుతుంది. పెంపుడు కుందేలు మాంసం తెల్లగా, మెత్తగా, కోడిలా ఉంటుంది. అడవి కుందేలుది ముదురెరుపు, పరుగెత్తిన కండ, కొవ్వు దాదాపు ఉండదు. వంట పుస్తకం 'కుందేలు వేపుడు' అని రాస్తే అది మొదటిదానికే సరిపోతుంది. కొవ్వు లేని కండను పొడి సెగ మీద పెడితే కట్టెలా బిగుసుకుంటుంది. అందుకే పెద్దల వంటలో రెండు జాగ్రత్తలు కనిపిస్తాయి. ఒకటి, తోలు ఒలవకుండా బొచ్చు కాల్చి, గీకి, పసుపు రాసి మళ్లీ సెగ చూపడం. అలా చేస్తే తోలు మాంసానికి కప్పులా ఉండి తడి పోనీయదు. రెండోది, మట్టికుండలో నీళ్లు పోసి, సన్నని సెగ మీద ఎక్కువసేపు ఉంచడం. ఇంట్లో ఉంటే కాస్త కుసుమనూనె. ఉప్పు, ఎండుమిరప, ఎల్లిపాయ, అంతకుమించి మసాలా తక్కువ. పులుపుకు చింతచిగురో, చింతపండో. ఊరి పేరులో చింత ఉన్నచోట పులుపు వెతుక్కోవాలా? ఆ పులుపు రుచికే కాదు, గట్టి కండ మెత్తబడటానికి కూడా. కడిగేటప్పుడు చేదుకట్టు పగలకుండా తీయడం చేతివాటం మీద ఉంటుంది. అది పగిలితే కూరంతా చేదు. పక్కన జొన్నరొట్టె.

కౌజు, పూరేడు దీనికి తలకిందులు. చిన్న పిట్ట, పల్చని కండ, నిప్పుల మీద కాసేపట్లో అయిపోతుంది. దాన్ని కుండలో గంటసేపు ఉడికిస్తే పీచే మిగులుతుంది. ఏ ప్రాణికి ఏ సెగ అన్న ఈ లెక్క ఏ వంటల పుస్తకానికైనా తీసిపోదు. ఇంగ్లండులో హన్నా గ్లాస్ 1747లో అచ్చువేసిన వంట పుస్తకంలో కుందేలు కూర చెప్పేముందు 'ముందు కుందేలును పట్టు' అని ఉందని లోకమంతా చెప్పుకుంటుంది. ఆమె అలా రాయలేదు. తోలు ఒలిచిన కుందేలుతోనే ఆమె మొదలుపెట్టింది. మన కావ్యం పట్టడం దగ్గర ఆగింది, వాళ్ల పుస్తకం పట్టిన తర్వాత మొదలైంది. రెండూ ఒకే చేతిలో ఉన్నవాళ్లు మనవాళ్లు.

ఇప్పుడు ఫోన్లలో 'ట్రైబల్ స్టైల్' వీడియోలు వస్తున్నాయి. తలకు ఈకలు, వెదురుబొంగు, పక్కన జీడిపప్పు ముద్ద, పెరుగు, నాలుగు రకాల పొడులు. ఈకలు పెట్టుకున్న వంటవాడిని మా ఊళ్లలో ఎవరూ చూడలేదు. వీటిని నవ్వి వదిలేయవచ్చు, కానీ వీటిని చూసి మన కుర్రవాళ్లు నిజంగా వలపన్ని, పట్టి, వండి, అదంతా వీడియో తీసి పెడితే నవ్వులాట కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలును వేటాడటం నేరం. శిక్ష మూడేళ్ల జైలుదాకా ఉండవచ్చు. 2022 సవరణ జరిమానాను లక్ష రూపాయలదాకా పెంచింది. ఉడుము విషయంలో చట్టం ఇంకా కఠినం. ఇక్కడ సాక్ష్యం పోలీసులు వెతకాల్సిన పని లేదు, మన ఫోనే ఇస్తుంది.

అడవి హక్కుల కోసం కొట్లాడినవాళ్లు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, వెదురు, తునికాకు మీద హక్కు ఇచ్చింది, సంప్రదాయ హక్కులను గుర్తించింది, వేట హక్కును మాత్రం పేరుపెట్టి మినహాయించింది. తప్పో ఒప్పో చర్చించాల్సిందే. మా మటుకు, కుందేళ్లు తగ్గిపోయిన ఈ చేన్లలో వేట తిరిగి రావాలని కోరడం లేదు. వండిన జ్ఞానాన్ని కూడా నేరంలా దాచుకోవాల్సి రావడమే మాకు అభ్యంతరం. ఆ కుండ, ఆ సెగ, ఆ చింతచిగురు పెంపుడు కుందేలుకూ, నాటుకోడికీ, ఫారం కంజుపిట్టకూ పనికొస్తాయి. పెంపుడు కుందేలుకు నీళ్లూ సమయమూ తగ్గించాలి, అంతే.

అడవివాళ్లంటే పొద్దస్తమానం మాంసమే అనుకునే రచయితలకూ ఒక మాట. హైమెండార్ఫ్ 1943లో అచ్చయిన చెంచుల పుస్తకం చదివితే వాళ్ల పొట్ట నింపింది ఎక్కువగా దుంపలూ పండ్లూ అని తెలుస్తుంది. మాంసం ఎప్పుడో దొరికేది. అరుదుగా దొరికినదాన్ని పంచుకోవడానికి పద్ధతి కావాలి. 'తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు' అన్న సామెతను బడిలో మొండివాడికి గుర్తుగా చెబుతారు. ఎవరో ఒక కాలు ముందే తినేసి, అడిగితే కుందేలుకు మూడు కాళ్లే అని వాదించాడని దాని వెనక ఒక కథ చెబుతారు. అలా చదివితే ఇది వంటింటి సామెత. నలుగురు కూర్చున్నచోట నాలుగో కాలు ఏమైందని అడిగేవాళ్లు ఉన్నారు కాబట్టే వాడు అబద్ధమాడాల్సి వచ్చింది.

గద్వాల ప్రాంతంవారైన సురవరం ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను 1949లో వెలువరించారు. రాజుల చరిత్ర కాదు, జనం చరిత్ర కావాలని పట్టుబట్టిన పుస్తకం అది. దానికి మేము రుణపడి ఉన్నాం. అయితే ఆయనకు ఆధారం చాలావరకు కావ్యాలే. కావ్యం కుండ దాకా వెళ్లని చోట ఆ చరిత్రా వెళ్లడం కష్టం. ఆ ఖాళీ నింపే కాగితాలు ఇప్పుడు మన బడుల్లోనే పుట్టాలి. టీచర్లు పిల్లలకు 'మా ఇంటి వంట' రాయమన్నప్పుడు మసాలాల జాబితాతో ఆపకండి. అవ్వను అడిగి రమ్మనండి: బొచ్చు కాల్చేవాళ్లా, తోలు ఒలిచేవాళ్లా? ఏ కట్టె? ఎంతసేపు? పులుపుకు ఏ ఆకు? కార్జం ఎవరికి, తల ఎవరికి? వెంట వచ్చిన కుక్కకు ఏం పెట్టేవాళ్లు?